కరివేపాకు చెట్టింటి పిన్నిగారు

పిన్నిగారు పోయారన్న కబురు నాకు మొదట చెప్పింది ఆవిడ బంధువులెవరూ కాదు, ఇక్కడ బహ్రెయిన్‌లో అస్కర్ లేబర్ క్యాంపులో ఉండే రాజన్న. అల్యూమినియం ఫ్యాక్టరీలో కాంట్రాక్టరు కింద పనిచేస్తాడు. నేను ఆఫీసుకు బయలుదేరుతుంటే ఫోన్ చేశాడు.

"అక్కా, చెట్టింటి అక్క పోయిందట. నీకు ఎరికేనా?" అన్నాడు.

నాకు తెలియదు. పిన్నిగారు బహ్రెయిన్ వదిలి కాకినాడ వెళ్ళిపోయాక కూడా రాజన్న శుక్రవారం శుక్రవారం ఆవిడకు వాయిస్ మెసేజ్ పెడుతూనే ఉన్నాడట. ఈసారి పెట్టినదానికి ఆవిడ కొడుకు జవాబిచ్చాడు. రాత్రి పడుకున్న మనిషి పొద్దున లేవలేదట.

"ఏం తకలీఫ్ లేకుంట పోయింది అక్కా," అన్నాడు రాజన్న. తర్వాత, "డ్యూటీకి టైమైతాంది" అని పెట్టేశాడు.

నేను ఆఫీసుకు వెళ్ళాను. మాది ఇన్సూరెన్సు కంపెనీ. మధ్యాహ్నం దాకా క్లెయిములు చూస్తూనే ఉన్నాను. కళ్ళముందు మాత్రం ఒక గుమ్మం, ఆ గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డ ఒక మనిషి.

పిన్నిగారు ఎవరింటికి వచ్చినా కూర్చునేవారు కాదు. "కూర్చుంటే లేవలేనమ్మా" అనేవారు గానీ అసలు సంగతి అది కాదు. కూర్చుంటే చుట్టం అయిపోతారు, చుట్టానికి కాఫీ పెట్టాలి, ఇంటావిడకు పని. అందుకని గుమ్మంలోనే నిలబడి, "వెళ్తానమ్మా, పొయ్యి మీద పప్పుంది" అంటూ అంటూనే గంటసేపు కబుర్లు చెప్పేవారు. ఆ పప్పు ఎన్నిసార్లు మాడిందో బాబాయిగారికే తెలియాలి. ఆయన హిద్ దగ్గర పోర్టులో ఓడల ఏజెంటు ఆఫీసులో పనిచేసేవారు. మాడిన పప్పు తిని కూడా మాట్లాడని మనిషి. ఆయన వంతు మాటలు కూడా ఈవిడే మాట్లాడేసేవారు.

మనిషి పొట్టి. నూలు చీర మీద వేసవిలో కూడా ఒక బూడిదరంగు స్వెట్టరు. చాలా ఏళ్ళు ఇక్కడి ఇండియన్ స్కూల్లో చిన్నపిల్లల క్లాసుకు టీచరు కదా, క్లాసులో ఏసీకి అలవాటైన స్వెట్టరు అది. రిటైరయ్యాక కూడా వదల్లేదు. "మరిచిపోయి విప్పేస్తే చలేస్తుందేమోనని భయం" అనేవారు, బయట రోడ్డు సెగలు కక్కుతుంటే.

ఇంకో అలవాటుంది ఆవిడకు. ఎవరితోనైనా సరే, మొదటి మాట తెలుగులోనే అనేవారు. కోల్డ్ స్టోర్ అని పిలిచే కిరాణా కొట్టు నడిపే మలయాళీ అతనితో, సందు ఊడ్చే బంగ్లాదేశీ అతనితో, రొట్టెలు కాల్చే ఇరానీ ముసలాయనతో, పిల్లులకు అన్నం పెట్టే అరబ్బు ఆవిడతో, అందరితోనూ ముందు "బాగున్నారా అండీ?" అని, వాళ్ళు తెల్లమొహం వేశాక అప్పుడు హిందీలోకో ఇంగ్లీషులోకో దిగేవారు. నేను కొత్తగా వచ్చిన రోజుల్లో చూసి నవ్వేదాన్ని.

"వాళ్ళకి రాదని తెలుసు కదా పిన్నిగారూ, ఎందుకలా?"

"తెలుసని ఎవరు చెప్పేరు నీకు? అడిగి చూస్తే కదా తెలుస్తాది. అందులోనూ మనం అడగడం మానేస్తే ఇంక ఇక్కడ ఎవరు అడుగుతారు?"

అప్పట్లో మేమందరం మనామా పాత బజారు వెనక సందులో, ఒక పాత ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. నడుమ ఆకాశం కనిపించే వాకిలి, చుట్టూ గదులు, పైన ఒక అంతస్తు. ఒకప్పుడు ఒకే అరబ్బు కుటుంబం ఉన్న ఇల్లు. తర్వాత వాటాలు చేసి అద్దెకిచ్చారు. పైన మేము, ఒక గుజరాతీ కుటుంబం. కింద పిన్నిగారు వాళ్ళు, ఒక మలయాళీ నర్సు. ఆ వాకిట్లో పిన్నిగారి వంటింటి కిటికీ ఎదురుగా ఒక కరివేపాకు చెట్టు ఉండేది. మొక్క కాదు, చెట్టు. మేడమీద మా వరండా దాకా వచ్చేది. గోడ మీంచి సందులోకి కూడా వంగి ఉండేది. నీళ్ళు ఇంత ఉప్పగా ఉండే ఊళ్ళో, నిప్పులు చెరిగే ఎండలో అది అలా ఎలా పెరిగిందో ఎవరికీ అర్థమయ్యేది కాదు. పిన్నిగారు బియ్యం కడిగిన నీళ్ళు, ఏసీ నుంచి కారే నీళ్ళు పట్టి దానికి పోసేవారు. ఆ సందులో చిరునామా చెప్పాలంటే ఎవరూ నంబరు చెప్పేవారు కాదు. కరివేపాకు చెట్టిల్లు అంటే చాలు, ఎవరి భాషలో వాళ్ళకి అర్థమయ్యేది.

శుక్రవారం సెలవు. క్యాంపుల నుంచి బస్సుల్లో మనవాళ్ళు బజారుకు వచ్చేవారు. ఊరికి డబ్బు పంపుకోవడానికి, సామాన్ కొనుక్కోవడానికి, ఊరివాళ్ళ మొహాలు చూసుకోవడానికి. రాజన్న మొదటిసారి అలాగే వచ్చాడు. గోడ మీంచి కొమ్మ చూసి లోపలికొచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"అమ్మా, జర్ర కల్యామాకు దొరుకుతదా?"

పిన్నిగారికి ఆ మాట తెలియదు. "ఏం ఆకు నాయనా?" అన్నారు. అతను చెట్టు వైపు చూపించాడు. ఆవిడ పెద్దగా నవ్వి, "ఓరి నీ ఇల్లు బంగారం కానూ, కరివేపాకా!" అని రెండు రెమ్మలు తుంచి ఇచ్చారు. అతను ఒక ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, అలాగే నిలబడిపోయాడు.

"క్యాంపుల వండుకుంటం గని వాసనొస్తలేదు అక్కా. దుకాన్ల కొన్నది ఎండి గడ్డి లెక్కుంటది. దుబాయి వచ్చినకాడికెల్లి గీ వాసన మర్చిపోయిన."

బహ్రెయిన్‌లో నిలబడి దుబాయి అంటాడేమిటా అని నేను అనుకున్నాను. పిన్నిగారు అలాంటివి పట్టించుకోరు. "ప్రతి వారం రా. దీపాలు పెట్టేలోపు రా, తర్వాత చెట్టు ముట్టుకోనివ్వను" అన్నారు. ఆ వారం నుంచి రాజన్నా వచ్చాడు, అతని వెనక ఇంకా చాలామందీ వచ్చారు.

ఆ చెట్టు ఎవరు నాటారన్నది మా సందులో తెగని తగువు. పై వాటాలోని గుజరాతీ పెద్దాయన తన తాత ముత్యాల వ్యాపారానికి వచ్చినప్పుడు కుండీలో పెట్టుకుని ఓడలో తెచ్చాడనేవాడు. కోల్డ్ స్టోర్ మలయాళీ అతను తన మేనమామ నాటాడని ఒట్టు పెట్టేవాడు. ఎదురింట్లో పనిచేసే శ్రీలంక అమ్మాయి ఆకు కోసుకోవడానికి వచ్చి, ఈ రకం మా దేశంలో తప్ప పెరగదని చెప్పేది. రాజన్న అయితే, "మా జగిత్యాలోళ్ళే పెట్టి ఉంటరక్కా. మాలెక్క తిండి మీద పానం ఎవలకుంటది?" అనేవాడు.

పిన్నిగారు అందరికీ ఒకటే జవాబు. "అయ్యుంటుంది!"

"అందరికీ అవునంటే ఎలా పిన్నిగారూ?" అన్నాను ఒకసారి.

ఆవిడ చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా అన్నారు. "వాళ్ళకి ఇక్కడ సొంతమన్నది ఏముందే? ఇల్లా, వాకిలా? వీసా ఇచ్చిన కఫీల్ పొమ్మంటే పోవాల్సిందే. చెట్టయినా ఒకటి మాదీ అనుకోనీ. నీదేం పోయింది?"

తర్వాత కొన్నాళ్ళకు అద్దె వసూలు చేసే ఏజెంటు వచ్చి ఇల్లు ఖాళీ చేయమన్నాడు. వారసులు ఎక్కువైపోయారట, స్థలం అమ్మి పంచుకుంటారట. ఎండలు ముదిరేలోగా పడగొట్టడం మొదలుపెడతారు. మేమంతా ఫ్లాట్ల వేటలో పడ్డాం. పిన్నిగారు మాత్రం ఇల్లు వెతికే పని బాబాయిగారికి వదిలేసి ఆ ఏజెంటు వెంట పడ్డారు. ఇంటి యజమానిని ఒక్కసారి చూడాలి, చెట్టు గురించి అడగాలి.

బాబాయిగారు నోరు విప్పిన కొద్ది సందర్భాల్లో అదొకటి. "అద్దెకున్నవాళ్ళం మనం. ఇల్లే వాళ్ళదైనప్పుడు చెట్టు గురించి అడగడానికి మనమెవరం?"

"అడిగితే ఏం కొడతారా? లేదంటారు. అంతేగా" అన్నారు ఆవిడ.

ఏజెంటు విసిగిపోయి చివరికి ఏర్పాటు చేశాడు. నాకు కారుంది, ఆఫీసు అరబిక్ నాలుగు ముక్కలు వచ్చు. అందుకని నన్ను తోడు తీసుకెళ్ళారు.

యజమాని ఇల్లు వంతెన అవతల ముహర్రఖ్‌లో. అందరూ ఆయన్ని హాజీ అంటారు. ఎనభై దాటిన మనిషి, తెల్లటి పొడుగు చొక్కా, చేతికర్ర. ఆయన కూతురు మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. నాకంటే పెద్దది. ఇంగ్లీషు చక్కగా మాట్లాడుతుంది. గదిలో తివాచీ మీద ఆమె మనవరాలు, నడక నేర్చిన పిల్ల, పళ్ళెం ముందు కూర్చుని అన్నం తినకుండా మారాం చేస్తోంది. ఖర్జూరాలు, చిన్న కప్పుల్లో అరబ్బు కాఫీ ఖహ్వా వచ్చాయి.

పిన్నిగారు అలవాటు ప్రకారం చేతులు జోడించి, "బాగున్నారా అండీ?" అన్నారు.

హాజీ తల పక్కకు తిప్పాడు. పక్కగదిలోంచి ఎవరో పిలిస్తే తిప్పినట్టు. అక్కడెవరూ లేరు. మళ్ళీ మావైపు చూశాడు. అప్పుడు పిన్నిగారు హిందీలోకి దిగారు. ఆయనకు హిందీ వచ్చు. పాతకాలం వ్యాపారుల హిందీ, ఆగి ఆగి మాట్లాడతాడు.

తాను టీచరునని, ఆయన ఇంట్లో అద్దెకుంటున్నానని, ఆ చెట్టును ఎలాగైనా ఉంచే వీలుందా అని ఆవిడ అడిగారు. హాజీ కర్ర పిడిని నిమిరాడు.

"ఆ చెట్టు మా అమ్మది," అన్నాడు.

మేమిద్దరం మొహాలు చూసుకున్నాం.

"మా నాన్న ముత్యాలు అమ్మడానికి హింద్ పోయేవాడు. ఒకసారి వస్తూ ఆమెను పెళ్ళి చేసుకుని తీసుకొచ్చాడు. ఆమె చేతిలో ఒక మొక్క ఉందట. బొంబాయి మనిషి అనుకుంటాం. ఎవరికీ సరిగ్గా తెలియదు. ఆమెకు అరబిక్ రాదు. మా నాన్న ఎక్కువ రోజులు సముద్రం మీదే. నాకు ఏడెనిమిదేళ్ళప్పుడు పోయింది. మొదటి చెట్టు ఎండిపోయింది. ఇప్పుడున్నది దాని వేరులోంచి లేచినదే. నా చేతుల్లో ఉన్నన్నాళ్ళూ ఆ ఇల్లు పడగొట్టనివ్వలేదు, ఉస్తాదా. ఇప్పుడు నా మాట చెల్లదు. తమ్ముళ్ళ పిల్లలున్నారు."

ఉస్తాదా అంటే టీచరమ్మ. ఆయన ఆవిణ్ణి చివరిదాకా అలాగే పిలిచాడు.

ఇంక అడగడానికేమీ లేదు. పిన్నిగారు ఖహ్వా కప్పు కింద పెట్టారు. బయలుదేరబోతున్నారు. అప్పుడే ఆ చంటిపిల్ల పళ్ళెం తోసేసింది. హాజీ కూతురు ముద్ద పట్టుకుని దాన్ని బతిమాలుతోంది.

"యల్లా హబీబ్తీ, బువ్వ! బువ్వ!"

పిన్నిగారు ఆగిపోయారు.

"ఏమన్నావమ్మా?" అన్నారు తెలుగులోనే. తర్వాత సర్దుకుని హిందీలో అడిగారు. నేను ఇంగ్లీషులో అడిగాను.

ఆమె నవ్వింది. "అది మా ఇంటి మాట. అన్నం అని. బయట ఎవరూ అనరు. చిన్నప్పుడు నేను స్కూల్లో అంటే పిల్లలు ఏడిపించేవాళ్ళు. నాన్న మాకు నేర్పారు, మేము మా పిల్లలకు నేర్పాం. ఎక్కడిదో తెలియదు."

పిన్నిగారు హాజీ దగ్గరికి వెళ్ళి, నేల మీద, ఆయన కాళ్ళ దగ్గర చతికిలబడ్డారు. ఎవరింటా కుర్చీ అంచున కూడా నిలవని మనిషి.

"మీ అమ్మగారు ఇంకా ఏం అనేవారు? గుర్తున్నది గుర్తున్నట్టు చెప్పండి. అర్థం తెలియకపోయినా ఫరవాలేదు, చప్పుడు చెప్పండి."

ఆయన సిగ్గుపడ్డాడు. ముసలివాళ్ళు అలా సిగ్గుపడితే చిన్నపిల్లల్లా ఉంటారు.

"ఒక దయ్యం పేరు గుర్తుంది," అన్నాడు. "నిద్రపోకపోతే ఆ దయ్యాన్ని పిలిచేది. చీకట్లో నా తల మీద చెయ్యేసి మెల్లగా పిలిచేది. బడుకో నాయ్నా. బడుకో నాయ్నా. నేను భయంతో కళ్ళు మూసుకునేవాణ్ణి. నా పిల్లల్ని కూడా దాంతోనే భయపెట్టాను."

అరబ్బులకు 'ప' పలకదు. పిన్నిగారి కళ్ళలో అప్పటికే నీళ్ళు తిరుగుతున్నాయి, నవ్వు కూడా ఆగడం లేదు.

"దయ్యం కాదండీ. పడుకో నాయనా అంది మీ అమ్మ. నిద్రపో నా తండ్రీ అని. అది మా భాష. తెలుగు. మీ అమ్మగారిది బొంబాయి కాదు, మావైపు. తెలుగే మాట్లాడుకునే సాయిబుల ఇళ్ళు మావైపు బోలెడు."

హాజీకి ఆ మాట నమ్మడానికి కొంతసేపు పట్టింది. కూతురి వైపు చూశాడు. నా వైపు చూశాడు. నేను తల ఊపాను. "దయ్యం కాదా?" అన్నాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు కదిలేలా, కళ్ళలోంచి నీళ్ళు కారేలా నవ్వాడు. కూతురు గబగబా వచ్చి ఆయన వీపు నిమిరింది.

నవ్వు ఆగాక ఆయన మొహం మారింది. కర్ర పక్కన పెట్టి, ముందుకు వంగాడు.

"ఉస్తాదా, ఇంకొక మాట ఉంది. అది నేను ఎవర్నీ అడగలేకపోయాను. ఆమె పోయే రోజు ఒకటే మాట అంటూ ఉంది. ఎల్లి బోతా. ఎల్లి బోతా. మా భాషలో ఇల్లి అంటే 'ఏదైతే' అని. అందుకని ఇంట్లోవాళ్ళు ఏది, ఏది కావాలి అని అడుగుతూ ఉండిపోయారు. నీళ్ళిచ్చారు, పాలిచ్చారు, ద్రాక్షపళ్ళు తెచ్చారు. ఏదీ తీసుకోలేదు. బజారు నుంచి ఒక హిందీ గుమస్తాను పిలుచుకొచ్చారు, అతనికీ అర్థం కాలేదు. నాకు తెలిసింది ఒకటే, ఆ చెట్టంటే ఆమెకు ప్రాణం. పరిగెత్తి వెళ్ళి ఒక రెమ్మ తుంచుకొచ్చి చేతిలో పెట్టాను. పట్టుకుంది. అయినా మళ్ళీ అదే మాట. నా తల్లి ఏదో అడిగింది, మేమెవ్వరం ఇవ్వలేదు. ఏమడిగింది ఆమె?"

నాకు ఆ మాట వినగానే అర్థమైంది. ఎల్లిపోతా. పిన్నిగారికి నాకంటే ముందే అర్థమై ఉంటుంది. ఆవిడ స్వెట్టరు చేతిని కిందికి లాక్కున్నారు.

"ఏమీ అడగలేదండీ," అన్నారు పిన్నిగారు మెల్లగా, ఒక్కొక్క మాటే హిందీలో ఏరుకుంటూ. "మావాళ్ళు బయలుదేరేముందు ఇంట్లోవాళ్ళకి చెప్పి వెళ్తారు. చెప్పకుండా వెళ్ళకూడదు. మీ అమ్మ మీకు చెప్పింది. వెళ్తున్నాను నాయనా అని మీ దగ్గర సెలవు తీసుకుంది. మీరు రెమ్మ ఇచ్చి పంపారు. ఇంకా ఏమివ్వాలి?"

హాజీ రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. కూతురు మమ్మల్ని ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. చాలాసేపటికి ఆయన చేతులు దించాడు. ఏదో పని ముగించుకున్న మనిషిలా ఉన్నాడు.

తిరిగి వస్తుంటే వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. నేను ఉండబట్టలేకపోయాను.

"పిన్నిగారూ, సెలవు తీసుకునేవాళ్ళు ఎళ్ళొస్తా అంటారు కదా. ఆవిడ ఎల్లిపోతా అన్నారు. ఇంటికి పోతాననే కదా?"

ఆవిడ కిటికీలోంచి సముద్రం చూస్తున్నారు.

"వస్తాకీ పోతాకీ తేడా తెలీక అలా చెప్పేననుకున్నావా? చిన్నపిల్లలకి పాఠం చెప్పిన దాన్నే నేను." నావైపు తిరిగారు. "అంత పసివాడు పరిగెత్తి రెమ్మ తెచ్చి చేతిలో పెట్టేడు. అది చాల్లేదనుకుంటూ ఇంత ముసలాడయ్యేడు. ఇంకా ఎన్నాళ్ళు మోయమంటావు? అయినా ఆ తల్లి ఎక్కడికి పోతానందో నీకు తెల్సా, నాకు తెల్సా? బిడ్డ మొహం చూస్తూ అన్న మాట బిడ్డకి చెప్పినట్టే." ముందు కార్లు కదిలాయి.

ఇల్లు పడగొట్టారు. చెట్టూ పోయింది. అంతకు ముందే పిన్నిగారు దాని వేళ్ళలోంచి లేచిన పిలకలు తవ్వించి అడిగినవాళ్ళకల్లా ఇచ్చారు. గుజరాతీ పెద్దాయనకు, కోల్డ్ స్టోర్ అతనికి, శ్రీలంక అమ్మాయికి, అందరికీ. చెట్టు ఎవరిదో తేలింది కదా, చెప్పరా వాళ్ళకి అని అడిగాను. "ఎందుకూ? వాళ్ళు నన్నడిగేరా?" అన్నారు. చాలా పిలకలు ఆ వేసవి దాటలేదు. రాజన్న క్యాంపులో నూనె డబ్బాలో పెట్టినది బతికింది. హాజీ ఇంట్లో పెట్టినది చచ్చిపోయింది. మళ్ళీ పెట్టారు, అదీ చచ్చిపోయింది. ఆయన పెద్దగా బాధపడలేదు.

ఆయనకు అప్పటికి ఇంకొకటి దొరికింది. వారానికొకసారి కారు పంపించి పిన్నిగారిని పిలిపించుకునేవాడు. భాష నేర్చుకోవడానికి కాదు. ఊరికే తెలుగులో మాట్లాడమనేవాడు, అంతే. మొదట్లో ఆవిడకు ఏం మాట్లాడాలో తోచలేదట. తర్వాత తోచింది తోచినట్టు చెప్పేసేవారు. బాబాయిగారి మోకాలి నొప్పి, కొత్త ఫ్లాట్‌లో పైవాళ్ళు కుర్చీలు లాగే చప్పుడు, దొండకాయల ధర, క్లాసులో ఒకడు సుద్దముక్క మింగినప్పటి గొడవ. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. నిద్రపోయాడనుకుని ఈవిడ ఆపితే కళ్ళు తెరుస్తాడు. ఒకరోజు నేను వెళ్ళేసరికి పిన్నిగారు తివాచీ మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చారులో ఇంగువ ఎప్పుడు వేయాలో ఆయనకు వివరంగా చెప్తున్నారు. ఆయన కళ్ళు మూసుకునే తలూపుతున్నాడు.

"ఆ గంట అయ్యాక నాన్న బాగా నిద్రపోతారు," అని కూతురు నాతో చెప్పింది.

బాబాయిగారి ఉద్యోగం అయిపోయింది. వీసా కూడా అయిపోతుంది కదా, కాకినాడ ప్రయాణమయ్యారు. వెళ్ళేముందు చివరిసారి హాజీ దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ఇద్దరూ ఏమంత మాట్లాడుకోలేదు. ఆయన ఒకటే అడిగాడు.

"మీ ఊళ్ళో సముద్రం ఉందా, ఉస్తాదా?"

"ఉందండీ. ఓడలొచ్చే రేవు కూడా ఉంది."

"అయితే మా అమ్మ అక్కడే ఓడ ఎక్కిందేమో."

పిన్నిగారు ఏమాత్రం తడుముకోకుండా, "అయ్యుంటుంది!" అన్నారు.

కాకినాడ నుంచి కూడా ఫోన్లో ఆయనతో మాట్లాడేవారని నాకు తెలుసు. ఆయన మంచం పట్టాక కూతురు ఫోను చెవి దగ్గర పెట్టేదట. అందుకని ఆ రోజు ఆఫీసులో కూర్చుని నేను ఆలోచించింది ఒకటే. ఈ కబురు ఆయనకు ఎవరు చెప్పాలి? ఫోన్లో చెప్పే మాట కాదు. ఆఫీసవ్వగానే ముహర్రఖ్ వెళ్ళాను.

కూతురు తలుపు తీసి నా మొహం చూసి అర్థం చేసుకుంది. లోపలికి తీసుకెళ్ళింది. హాజీ మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. చాలా చిక్కిపోయాడు. నన్ను గుర్తుపట్టి చెయ్యెత్తాడు. నేను మంచం పక్కన కూర్చుని నాకొచ్చిన హిందీలో చెప్పాను.

ఆయన పైకప్పు వైపు చూస్తూ అడిగాడు.

"బాధపడిందా?"

"లేదు. నిద్రలోనే."

"పిల్లలు దగ్గరున్నారా?"

"కొడుకు ఉన్నాడు."

"మంచిది," అన్నాడు. కూతురు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. ఆయన ఏడవలేదు. కొంతసేపటికి అరబిక్‌లో ఆమెతో ఏదో చెప్పాడు. ఆమె కళ్ళు తుడుచుకుని నాకు వివరించింది. ప్రతి ఏడూ వాళ్ళమ్మ పేరు మీద పెద్ద గిన్నెలతో అన్నం వండించి క్యాంపుల్లో పనివాళ్ళకు పంచుతారు. ఈ ఏడు ఇద్దరి పేర్లూ చెప్పి పంచాలట.

హాజీ నావైపు తిరిగాడు.

"ఇన్నాళ్ళూ ఉస్తాదా అన్నాను. పేరు అడగలేదు. పేరు లేకుండా ఎలా పంచుతాను? చెప్పు."

మా సందులో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. బాబాయిగారు కూడా "ఏమేవ్" అనేవారు. నాకు పేరు తెలుసు గానీ ఒక్కసారైనా పైకి పలికిన గుర్తు లేదు. ఆయన చెవి దగ్గరికి వంగి చెప్పాను. 'ప'తో మొదలయ్యే పేరు. ఆయన అన్నాడు. 'బ'తో వచ్చింది. తప్పని ఆయనకే తెలిసింది. తల అడ్డంగా ఊపి, మళ్ళీ చెప్పమన్నట్టు చూశాడు. నేను పెదవులు కనిపించేలా నెమ్మదిగా చెప్పాను. ఆయన తన పెదవులు రెండూ గట్టిగా అదిమిపెట్టి, గాలి వదిలి చూశాడు. రాలేదు. కూతురు నీళ్ళు తాగించింది. కాస్త ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి పేరు మొత్తం, మొదటి అక్షరంతో సహా, స్పష్టంగా వచ్చింది.

"సహీ హై?" అన్నాడు నావైపు ఆత్రంగా చూసి.

"సరిగ్గా అన్నారండీ," అన్నాను. తెలుగులోనే అన్నాను.